డోర్నకల్ ప్లాట్‌ఫాం మీద పుట్టిన శాస్త్రం

హన్మకొండ చౌరస్తాలో సుగుణ ఛాయబండికీ, పక్కనున్న ఇంటర్నెట్ సెంటరుకూ నడుమ యాకయ్య అప్పటికి పదిసార్లు తిరిగి ఉంటాడు. లోపల అతని కూతురు మానస ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ కోసం కాలేజీల వరుస పెట్టుకుంటోంది. ఐదు గంటలకల్లా ఆ వరుసను ఫ్రీజ్ చేయాలి. చేశాక ఎవరి కాళ్ళు పట్టుకున్నా మార్చరు. ఇప్పుడు నాలుగున్నర.

పొరపాటు యాకయ్యదే. ఏది ముందు పెట్టాలో సమజైతలేదని సుగుణతో అన్న మాట, బల్ల చివరనున్న సాల్మన్ చెవిన పడింది. డోర్నకల్ జంక్షన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా రిటైరైన ఆయనకు శ్రోత దొరకడమే తరువాయి.

"ఫికర్ జెయ్యకు యాకన్నా. దీన్ని గేమ్ థియరీ అంటరు. ఎదుటోడు ఏమనుకుంటాండో పసిగట్టి మన ఎత్తు మనం వేసుడు. డోర్నకల్ల జనమంత నడిమి డబ్బలకు ఉరుకుతాంటే, నేను ఆఖరి డబ్బకు పోయెటోన్ని. కిటికి పక్క సీటు నాదే."

ఇంతవరకు నమ్మవచ్చు. "ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?" అన్నప్పటినుంచే కథ వేగమందుకుంది. మర్నాడు జనం ఆఖరి డబ్బాకు పరుగెత్తగా ఆయన నడిమి డబ్బాలో కాళ్ళు చాపుకున్నాడట. మూడోనాడు సాల్మన్ ఎటు ఎక్కుతాడో తేలక ఊరు ఊరంతా ప్లాట్‌ఫాం మీదే నిలబడిపోతే, పద్దెనిమిది డబ్బాల బండి ఆయనొక్కడితోనే ఖమ్మం పోయిందట. అది చూసిన విదేశీ ప్రొఫెసరొకాయన వెయిటింగ్ రూంలోనే కూర్చుని గేమ్ థియరీ మీద మొదటి పుస్తకం రాశాడట.

"పేకాటను జూసి రాసిండంటది లోకం. నన్ను జూసి రాసిండు."

తండ్రిని పిలవడానికి బయటికొచ్చిన మానస ఆ మాట విన్నది. "ఆ పుస్తకం 1944ల వచ్చింది తాతా. అప్పటికి మీరు పుట్టిండ్రా?"

"మా నాయన పుట్టిండు. తెలివి ఆయనదే గద" అని, సాల్మన్ ఏమాత్రం తొణక్కుండా మరింత పైకి పోయాడు. రెండు పెద్ద దేశాలు ఒకదాని మీదొకటి బాంబులెక్కుపెట్టి, ఏం చేయాలో తోచక రైల్వే క్యాబిన్‌కు ఫోను చేశాయట. ఒక చేత లీవరు, ఒక చేత ఫోను పట్టుకుని, నువ్వు జర ఆగు, వాడు గూడ ఆగుతడు అని ఆయన సర్దిచెప్పాడట. భూమి ఇంకా ఉండడమే అందుకు సాక్ష్యమట.

యాకయ్యకు నవ్వు రాలేదు. నాలుగూ నలభై ఐదు.

"అందరు గా మంచి కాలేజినే మొదట పెడ్తరు. మీరు మూడోది మొదట పెట్టున్రి. గుంపు లేని డబ్బ దొరుకుతది" అని సాల్మన్ తీర్పు చెప్పాడు.

"ఇది రైలు డబ్బ కాదు నాన్నా" అంది మానస. "ర్యాంకు వరుసల పిలుస్తరు. నా వంతు వచ్చినప్పుడు నా లిస్టు పైనుంచి చూసుకుంట వస్తరు. మొదటిది మిగల్లేదంటే రెండోది ఇస్తరు, పోయేదేం లేదు. ఇష్టమైనదాన్ని కిందికి దించితేనే పోతది."

యాకయ్య కూతురి వంక చూశాడు, సాల్మన్ వంక చూశాడు. ఒకరికి పద్దెనిమిదేళ్ళు, రెండోవారు ప్రపంచాన్ని కాపాడినవారు. పిల్ల మాట విని సీటు తప్పిపోతే ఆ తప్పు నాలుగేళ్ళు ఇంట్లోనే కళ్ళెదుట తిరుగుతుందన్న భయం అతన్ని పట్టుకుంది. "మూడోది పెట్టు బిడ్డా" అనబోయాడు.

పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ సుగుణ కల్పించుకుంది.

"సాల్మన్ సారూ, పోయినేడు మీ మనుమడు అభిషేక్ లిస్టు గూడ ఈ సెంటర్లనే పెట్టిండ్రు గద. మీరు ఈ బల్ల మీదనే కూసోని గిదే కథ చెప్పిండ్రు. లోపల మీ ఇంటామె మరియమ్మక్క, పిలగాడు ఏది కోరుకుండో అదే మొదట పెట్టించింది. అదే సీటు వచ్చింది."

సాల్మన్ ఛాయగ్లాసు కింద పెట్టాడు.

"పో బిడ్డా, నీకు నచ్చిందే మొదట పెట్టు" అన్నాడు యాకయ్య. మానస లోపలికి పరుగెత్తింది. ఐదుకు నాలుగు నిమిషాలుండగా అద్దం వెనుకనుంచి బొటనవేలు పైకెత్తి చూపించింది. అప్పటికిగాని యాకయ్య బల్ల మీద కూర్చోలేదు.

సాల్మన్ ఈసారి గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ దినం మరియమ్మనే నన్ను ఈడ కూసోబెట్టి పోయింది, యాకన్నా. లిస్టు అయ్యేదాక లోపలికి రావద్దన్నది."