కందిమొక్క పక్కన గంధం

చెంగమ్మని ఒకామె, గంధం పిచ్చిది. పొద్దున్నే సానరాయి మింద గంధం తీసి దేవుడికి పెట్టందే గంజి గూడా ముట్టదంట. అరగదీసీ అరగదీసీ ఆ చెక్క బొటనేలంత అయిపోయింది. కొత్త చెక్క యాడ దొరుకుతాది? అప్పుడు ఏమైందంటే, గొర్రెలు కాసే ఆయనొకడు గోడ మీంచి చూసి, నీ పెరట్లో పిట్టేసిన గంధం మొలక ఉండాది కదమ్మా అని చెప్పి, గొర్రెల్ని తోలుకోని పోయినాడంట. ఇంగ చూడు, ఆయమ్మ కొత్తకోడలు రెడ్డెమ్మని పిలిచి, ఏమే, ఆ మొలక బతికితే నువ్వీడుండు, చస్తే మీ అమ్మోళ్లింటికి పో అనింది. ఏది అత్తా ఆ మొలక? కండ్లుండాయి కదా, చూసుకో!

రెడ్డెమ్మ పోయి చూస్తే నున్నటి ఆకుల మొలకలు మూడు, అక్కచెల్లెళ్ల మాదిరి. ఆకు నలిపి వాసన చూసింది. గంధమాకు వాసనొస్తాదా? పచ్చాకు వాసనే. నవ్వద్దు, మీరైనా అదే చేసుందురు. సరే, మూడింటినీ సాకుదామనుకునింది. అసలే శెనక్కాయ చేన్లో కలుపు తీసిన చెయ్యి, ఊరికే ఉంటాదా? చుట్టూ గడ్డీ గాదం, తనంతట తాను మొలిచిన కందిమొక్కతో సహా పీకేసి, పెరడంతా అద్దం మాదిరి చేసి, పేడనీళ్లు పోసింది. రెండు మొలకలు ఏపుగా లేచినాయి. మూడోది తల వాల్చేసింది. నీళ్లు పోసినా అంతే, ఇంకా పోసినా అంతే. అయిపోయింది, ఇదే గంధమైతే మూట కట్టుకోవాల్సిందే అని ఏడుస్తా కూచుంటే అప్పుడు తట్టిందంట, దీన్ని ఆనుకునే కదా కంది ఉన్నింది! వేలితో మన్ను తోసి చూస్తే, తెగి మిగిలిన కందివేరుని మొలక వేర్లు ఇంకా కరుచుకోనే ఉండాయి. చంటిబిడ్డ రొమ్ము పట్టుకున్నట్టు అనుకో. గంధం అట్లా పక్క మొక్క వేరు తాగే బతుకుతాదంట, ఇదే గంధమని రెడ్డెమ్మకి అప్పుడు తెలిసింది. గోడవార ఇంకో కందిమొక్క ఉంటే మన్నుగడ్డతో తెచ్చి పక్కన నాటింది. మెల్లగా, మెల్లగా, మొలక తలెత్తింది.

ఒకనాడు చెంగమ్మ పెరట్లోకొచ్చి, ఏమే, ఈ ఒక్క కంది ఎందుకు మిగిల్చినావు, చేతులు పడిపోయినాయా అని పీకబోయింది. రెడ్డెమ్మ చెయ్యి పట్టేసుకునింది. "ముట్టొద్దత్తా! అది పోతే నీ గంధం పోతాది."

"ఓసినీ, ఇదేనా గంధం?"

"నీకు తెలీదా?"

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతా!"

ఆ చెట్టు చేవబట్టి వాసన కొట్టేసరికి చెంగమ్మ పోనేపోయింది. పోయేదాకా కోడలి చేతి గంజే తాగింది, కోడల్నే తిట్టింది. ఇంతకీ ఆ ఇంట్లో గంధమెవురు, కంది ఎవురు అని నన్నడగొద్దు. మా అత్త ఆ తలుపెనకాలే ఉండాది.