సోమవారానికి ముందు గురువారం

నా పేరు మీరు పైన రాసుకున్నారు. వయసు యాభై. పదో తరగతి వరకు చదివాను. కట్లు కట్టే గాజుగుడ్డ తయారుచేసే ఫ్యాక్టరీలో, గుడ్డను చుట్టే మిషన్ దగ్గర పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. విచారణలో ఉన్న అమ్మాయి నాకు బంధువు కాదు. నన్ను పిన్నీ అంటుంది, అంతే.

ఆమె వేరే దేశం నుంచి వచ్చి ఇక్కడి కాలేజీలో మిషన్ల మీద పెద్ద చదువు చదువుతోంది. చదువులో భాగంగా మా దగ్గర ఇంటర్న్‌షిప్ చేయాలి. చదువుకోవడానికి ఇచ్చిన వీసా మీద పని చేయకూడదట, దానికి వేరే అనుమతి రావాలి. వచ్చింది, కానీ సోమవారం నుంచి. ఆలోగానే పని చేసిందని తేలితే అనుమతి రద్దవుతుందని, చదువు సగంలో వదిలి దేశం దాటాలని వీసా ఆఫీసు నుంచి వచ్చిన మీరే చెప్పారు.

ఆ సోమవారానికి ముందు వారమంతా ఆమె చూసి నేర్చుకుంటానని వచ్చింది. మెడలో సందర్శకుల పసుపు బ్యాడ్జీ. గోడ పక్కన స్టూలు మీద చేతులు వెనక్కి కట్టుకుని కూర్చునేది. దారపు ఉండ దొర్లుకుంటూ కాళ్ల దగ్గరికి వచ్చినా తీసి ఇచ్చేది కాదు. "అది మీ పనిలోదే కదా పిన్నీ" అని మొహం చిన్నబుచ్చుకునేది. మా వాళ్లు ఆమెకు గోరింటాకు అని పేరు పెట్టారు. "ఏమ్మా గోరింటాకూ, ఇంకా ఆరలేదా?" అంటే, "సోమవారానికి ఆరుతుంది అక్కా" అని నవ్వేది.

బుధవారం మధ్యాహ్నం మిషన్ బెల్టు జారిపోతూ ఉంది. మెకానిక్ సెలవు. సూపర్‌వైజరు వచ్చి ఆ పిల్లను బతిమాలాడు.

"నీకు తెలిసిందేగా తల్లీ. రెండు నిమిషాల పని. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తున్నాగా సార్."

"హరిశ్చంద్రుడి ఇంటి ఆడపడుచువా ఏంటి?"

"కాదు సార్. సోమవారం నా చేతికొచ్చేదాన్ని ఇవాళ దొంగతనం చెయ్యడం ఎందుకు?"

ఆ మాట నేను విన్నాను. ఇంటికి వెళ్లి దేవుడికి దండం పెట్టుకుంటుంటే కూడా అదే గుర్తొచ్చింది.

గురువారం ఉదయం పదీ ఇరవైకి గుడ్డ ముడత పడితే సర్దబోయాను. నా చేతి తొడుగు గుడ్డతోపాటు రోలర్ల మధ్యకు పోయింది. తొడుగుతోపాటు చెయ్యి. నేను దేవుణ్ణి పిలిచాను. వచ్చింది ఆ పిల్ల. స్టూలు పడిన చప్పుడు విన్నాను. ఆమె ఎర్ర బటన్ నొక్కింది. మిషన్ ఆగింది గానీ చెయ్యి రాలేదు. స్పానర్ అందుకుని పై రోలర్ బోల్టులు వదులు చేసి, భుజం ఆనించి ఎత్తింది.

"పిన్నీ, లాగకు. నేను చెప్పేదాకా లాగకు. నన్ను చూడు, దాన్ని చూడకు. ఇప్పుడు లాగు."

మీరు చూపించిన కెమెరా బొమ్మలో ఆమె మిషన్ విప్పుతూ ఉంది. నిజమే, విప్పింది. మిషన్ అడ్డం కాబట్టి అందులో నేను కనబడను. నేను అవతలే ఉన్నాను.

తర్వాతది కూడా రాసుకోండి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టాక సూపర్‌వైజరు కంగారులో, "ఎలాగూ విప్పావు, బిగించేసి పో తల్లీ" అన్నాడు. ఆమె స్పానర్ కింద పెట్టింది.

"అది పని సార్. ఇందాకటిది పని కాదు."

వెళ్లి స్టూలు నిలబెట్టి కూర్చుంది. చేతులు మళ్లీ వెనక్కి.

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. ఆమెను మెచ్చుకోవాలనే పైవాళ్లకు "మా కొత్త ఇంజనీరు చాకచక్యంగా మిషన్ విప్పి సరిచేసింది" అని రాశాడు. ఆ మెప్పే పిల్ల మెడకు చుట్టుకుంది. సరిచేయలేదు. ఆ మిషన్ శుక్రవారం మెకానిక్ వచ్చేదాకా విప్పినట్టే పడి ఉంది. ఎవరినైనా అడగండి.

ఆ అమ్మాయి గురువారం పని చేసిందా అని అడిగారు. చేయలేదు. అంత ఓర్చుకున్న మనిషిని నేను చూడలేదు.

పైన రాసింది మీరు చదివి వినిపించారు, నేనూ ఒకసారి చదువుకున్నాను. దేవుడి ముందు నిలబెట్టి అడిగినా ఇంతే చెబుతాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. నాకు సంతకం చేయడం వచ్చు. కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమచేతి ముద్ర వేస్తున్నాను. కట్టు మా ఫ్యాక్టరీ గుడ్డే. లోపల ఐదు వేళ్లూ ఉన్నాయి, అది కూడా రాయండి.

(ఎడమ బొటనవేలి ముద్ర)