ఎర్రవి తక్కువ, తెల్లవి ఎక్కువ

1955. పత్తికొండ పక్క పల్లె నుంచి కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకొని కర్నూలు ఆస్పత్రికి వచ్చిన మద్దమ్మ, వాళ్ళిద్దరినీ వరండాలో కూర్చోబెట్టి, రక్తం పరీక్షలు చేసే లేవి అనే ఉద్యోగి గది వాకిట్లో నిలబడింది.

“నెత్తురు ఎర్రగుంటాదని నాకూ తెలుసు. దానికి ఇంత పెద్ద భూతద్దమెందుకప్పా?”

“ఎర్రకణాలే కాదు పెద్దమ్మా, తెల్లవి గూడా ఉంటాయి. ఎర్రవి ఊపిరిగాలిని ఒళ్ళంతా మోస్తాయి. తెల్లవి కావిలుంటాయి. రోగమొస్తే కొట్లాడతాయి.”

“అంటే ఎర్రవి కూలోళ్ళు, తెల్లవి పోలీసోళ్ళు. మా కోడలు గిడ్డమ్మకు కూలోళ్ళు తక్కువేలే. బిందె ఎత్తితే ఆయాసం, చాట పడితే కండ్లు తిరుగుడు. బువ్వ కాడ మాత్రం ఏ రోగమూ లేదు.”

“ఇంగొకటి అడగల్ల. మీ ఇంట్లో ఎవురికన్నా జరం వచ్చి పోతాంటాదా? పండ్ల చిగుర్లలో నెత్తురు…”

“ఎవురికీ లేదు! మా వంశంలోనే లేదు. రోగాలన్నీ అది పుట్టింటి నుంచి సారెతో పాటు తెచ్చింది. ముందు నీ చేతిలో ఉండే ఆ చీటీ సదువు.”

“డాక్టరొచ్చి చెప్తాడులే.”

“ఆయప్ప వచ్చేతలికి మా బండెద్దులు ముసలివైతాయి. రాజధాని ఆస్పత్రి గదా! నువ్వే సదువు.”

“తెల్లవి… శానా ఉండాయి.”

“శానా అంటే?”

“ఉండాల్సినదానికి ఇరవై రెట్లు.”

“ఓహో! తెల్లోళ్ళు దేశమిడ్సి ఎనిమిదేండ్లాయ. అందరూ ఈడొచ్చి కాపురం పెట్టినారా? అంతమంది పోలీసోళ్ళుంటే ఇంగ రోగమేమి? దొంగ ఏషాలు!”

“అవి పనికొచ్చేవి కాదు పెద్దమ్మా. ఎదగని పిందెలు. కొట్లాడలేవు. పైగా ఎర్రవాటికి చోటు లేకుండా చేస్తాండాయి. నువ్వు రోంత కూర్చో.”

“కూకునేకి రాలేదు. దానికి మందుండాదా, లేదా?”

“ఈడ లేదు. మద్రాసు పోవల్ల. ఆడ గూడా… చెప్పలేము.”

“మద్రాసా? శెనక్కాయ పీకే పొద్దుల్లోనా? మహారాణి గదా, మోటరు కారు గూడా మాట్లాడతా! ఇట్లే తీసుకపోయి పుట్టింట్లో దింపేస్తా. నా ఈరన్నకు పిల్లనిచ్చేకి ఆలూరులో ఇద్దరు కాసుకోని ఉండారు.”

“గిడ్డమ్మకేమీ కాదు పెద్దమ్మా. ఎర్రవి తక్కువ, అంతే. నెత్తురెక్కించి, మాత్రలిచ్చి, ఆకుకూరలూ మేక కార్జమూ పెడితే మూడు నెలల్లో లేసి తిరుగుతాది.”

“మరి ఈ తెల్లవి?”

“పెండ్లానికి నా నెత్తురు తీసుకోండని పొద్దున చెయ్యి పెట్టినాడే, నీ కొడుకు… ఈ చీటీ ఆయప్పది.”