రెండో కౌంటర్ దగ్గర ఊరు మారినవాళ్లు

అది కాదు మాస్టారూ, మీరే చెప్పండి. పదకొండూ పదికి ఆ అమ్మాయి టేబుల్ దగ్గర కూర్చున్నారు. పదకొండూ ఇరవై ఏడుకి లేచారు. నాకేం గడియారం చూస్తూ కూర్చునే పని లేదు, ఎదురుగా గోడకి ఉంది కాబట్టి కన్ను పడింది. పదిహేడు నిమిషాలు! మధ్యలో రెండుసార్లు నవ్వారు కూడా. ఇరవై రెండేళ్లుగా నా కౌంటర్‌కి వస్తున్నారు. అన్నేళ్లూ కలిపినా నాతో పదిహేడు నిమిషాలు మాట్లాడారా?

కూర్చోండి, కూర్చోండి. ఖాతా మూసేయాలి, అంతే కదా? ఫారం ఇలా ఇవ్వండి. పాస్‌బుక్కు తియ్యక్కర్లేదు, మీ నంబరు నాకు నోటికి వచ్చు. నా పెళ్లి కోటు కుట్టిన మనిషి నంబరు మర్చిపోతానా?

ఈ కంప్యూటర్ కాస్త నెమ్మది. ఈలోగా ఒక మాట.

ఆ బొమ్మలమ్మాయి లేదూ... నేను పెట్టిన పేరే లెండి, వెనకాల అంటాను. నాలుగు నెలల క్రితం హెడ్డాఫీసు వాళ్లు పంపారు. ఎందుకూ? ఖాతాదారులు మనల్ని వదిలి ఎందుకు పోతున్నారో కనుక్కోవడానికట. అదేదో సాఫ్ట్‌వేర్ ఉంది ఆవిడ దగ్గర. "వయసు" అన్న మాటని మౌసుతో పట్టి లాక్కొచ్చి ఇక్కడ వదిలితే చాలు, రంగురంగుల స్తంభాలు లేస్తాయి. ఒక స్తంభం మీద నొక్కితే అందులోవాళ్లు మాత్రం వెలుగుతారు, తక్కినవాళ్లంతా బూడిద రంగులోకి పోతారు. చూడ్డానికి బావుంటుంది. బాగాలేదని నేననను.

కానీ మాస్టారూ, ఇదివరకు మేనేజరు గారు పొద్దున రాగానే నా దగ్గర ఆగేవారు. "ఏమండీ, ఆ పుస్తకాల షాపాయన ఎందుకు మానేశాడు?" అని నన్నడిగేవారు. నేనేదో చెప్పేవాణ్ని, ఆయన తలూపేవారు. ఇప్పుడో? భుజాన బ్యాగు కూడా దింపకుండా తిన్నగా ఆ తెర దగ్గరికే! "ఏమ్మా, ఇవాళేమంటున్నాయి నీ స్తంభాలు?" నేనూ ఒక స్తంభమై పుట్టినా బావుండేది, చూసేవారు.

ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పుకున్నాను. "ఇంతకీ ఆ అమ్మాయి ఎలా ఉంటుంది?" అంది. ఏమని చెప్పను? నేనెప్పుడు చూశాను? "సరే, ఇవాళ నేనేం రంగు బట్టలు వేసుకున్నానో కళ్లు మూసుకుని చెప్పండి" అంది. ఇదేం పరీక్ష అన్నాను. "ఏం లేదు, ఆ పిల్ల మీద ఏడవడం మాని భోంచెయ్యండి" అంది. చూశారా, ఇంట్లో కూడా ఆ అమ్మాయి పక్షమే!

పోయినవారం అసలు సంగతి జరిగింది. ఆ అమ్మాయి మా అందర్నీ లోపలికి పిలిచింది. గోడమీద పెద్ద తెర. మూడేళ్లలో ఖాతా మూసుకుని పోయినవాళ్లు ఆరువందల పదకొండు మంది. ఏ కారణానికి ఎందరని స్తంభాలు. అన్నీ మరుగుజ్జులే, ఒక్కటి మాత్రం తెర పైఅంచుకి తగులుతోంది. "ఊరు మారారు."

"అయ్యో, మన ఊళ్లో ఎవరూ నిలవట్లేదన్నమాట" అన్నారు మేనేజరు గారు. అప్పుడా పిల్ల ఆ స్తంభం మీద నొక్కింది. వాళ్లందరికీ తనే ఫోన్లు చేసి అడిగిందట. ఊరి పటం తెచ్చి పక్కన పెట్టింది, చుక్కలే చుక్కలు. నూటికి ఎనభై మంది ఎప్పటి వీధిలోనే, ఎప్పటి ఇంట్లోనే! ఒకాయనైతే మన బ్యాంకు మేడమీదే కాపురం.

తర్వాత "కౌంటర్" అన్న మాటని లాక్కొచ్చి వదిలింది. స్తంభమంతా ఒకటే రంగు. ఆకుపచ్చ. రెండో కౌంటర్, అంటే నాది.

"అయితే మన రెండో కౌంటర్ ముందు నిలబడితే చాలు, మనిషి ఊరు మారిపోతాడన్నమాట!" అన్నారు మేనేజరు గారు. అందరూ నవ్వారు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆయన కూడా నవ్వాడు మాస్టారూ. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. అదే నాకు మరీ మండింది.

మీ దగ్గర దాపరికం ఎందుకు? ఖాతా మూసేటప్పుడు ఈ కంప్యూటర్ కారణం అడుగుతుంది. ఏదో ఒకటి నొక్కందే కదలదు. జాబితాలో మొదటిది "ఊరు మారారు." ఇంకేది నొక్కినా వివరం రాయమని మరో గడి తెరుచుకుంటుంది. రాయాలంటే మనిషిని అడగాలి. వెనకాల ఇంత లైను! నేను మొదటిదే నొక్కేవాణ్ని. అందరికీ. పుస్తకాల షాపాయనెందుకు పోయాడో నాకేం తెలుసు? మేనేజరు గారు అడిగేవారు, అప్పటికప్పుడు అల్లి చెప్పేవాణ్ని.

ఈ వారం నుంచి పద్ధతి మారింది. మూసేవాళ్లని ముందు ఆవిడ కూర్చోబెట్టి అడుగుతుంది, కారణం ఆవిడే ఎక్కిస్తుంది. నాది మూసే పని మాత్రమే. సోమవారం మళ్లీ మీటింగు. "మీ మీద ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, రికార్డు గదికి పంపక తప్పదు, ఏమీ అనుకోకండి" అన్నారు మేనేజరు గారు. కిటికీ కూడా లేదు ఆ గదికి.

ఆఁ, తెరుచుకుంది. మీ మాటలు మీవిగానే ఎక్కించినట్టుంది. చదవనా?

"కంటి ఆపరేషనయ్యాక కట్టుతోనే బ్యాంకుకి వెళ్లాను. సంతకం కలవలేదని మూడుసార్లు పెట్టించాడు. కంటికేమైందని అడగలేదు. అసలు తలెత్తలేదు."

కట్టా?

ఎప్పుడు మాస్టారూ? ఆర్నెల్లయిందా! సంతకం గుర్తుంది నాకు. చివర గీత దాటి కిందికి జారింది. అది బాగా గుర్తుంది. మరి ఈ కళ్లజోడు... ఇదీ అప్పటిదేనా? బావుంది మీకు. లేదు, నిజంగానే.

ఇదంతా ఆవిడకి చెప్పే బదులు నాకే చెప్పొచ్చుగా? ... అవును లెండి. ఎవరికి చెబుతారు, నా నడినెత్తికా?

ఇది మార్చొచ్చు, తెలుసా? ఈ బాణం పైకి జరిపితే మొదటిది "ఊరు మారారు." ఒక్క నొక్కు. ఆవిడకి తెలిసేలోపు సోమవారం గడిచిపోతుంది. మంగళవారం ఇద్దరివి అలాగే మార్చాను. ఇది మా ఆవిడకి కూడా చెప్పలేదు.

ఉండనీ. మీది ఉండనీ. ఇదుగో, మూసేశాను. ఇక్కడ సంతకం పెట్టండి. ఒక్కసారి చాలు.

సోమవారం ఆవిడ స్తంభం మీద నొక్కుతుంది. తక్కినవాళ్లంతా బూడిద రంగులోకి పోతారు. మేనేజరు గారితో సహా గదిలో ఉన్నవాళ్లందరూ నా వంకే చూస్తారు. నాలుగు నెలలుగా నేను ఏడ్చిందీ దానికోసమేగా!