వల వెయ్యని రోజు

టీచరు రమ్మందంటే కూతురు ఏం తప్పు చేసిందోనని, ప్రవల్లిక తల్లి చేపల గంప బడి అరుగు మీదే దించి తరగతి గుమ్మంలో నిలబడింది.

“మా ప్రవల్లిక ఏటి సేసిందమ్మా?”

“ఏమీ చెయ్యలేదు, కూర్చోండి. మన రాజ్యాంగం మొదట్లో ఉన్న సౌభ్రాతృత్వం అంటే ఏమిటని పరీక్షలో అడిగాను. అందరూ పుస్తకంలో ఉన్నది రాశారు. మీ అమ్మాయి మీ ఊరి సంగతి రాసింది.”

“ఏటని?”

“ఒక బోటు రాత్రికి తిరిగి రాలేదట. మర్నాడు బోట్లన్నీ దాన్ని వెతకడానికే వెళ్లాయట. చేపల గుంపు పక్కనుంచే పోతున్నా ప్రవల్లిక వాళ్ల నాన్న వల ముట్టుకోలేదట. సౌభ్రాతృత్వం అంటే అదేనట. చదివి చాలాసేపు పేపరు పక్కన పెట్టలేకపోయాను.”

“ఎవులి బోటో రాసిందా?”

“రాయలేదు. ఎవరిది?”

“మా పక్కింటోల్లది. గోడ తగువయ్యి ఆల్లకీ మాకూ మాటల్నేవు. ఇంజను సెడిపోయి కొట్టుకుపోతంటే మా ఆయనే తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చినాడు. ఆల్లతో ఒక్క మాటా ఆడకండా ఇంటికొచ్చీసినాడు.”

“రేపు ప్రార్థనలో ప్రవల్లిక చేత ఇది చదివిద్దామని ఉంది. మీతో ఒక మాట చెబుదామనే పిలిచాను.”

“ఆల్ల పాపా ఈ బల్లోనే సదూతంది కదమ్మా. ఇంటికెల్లి సెప్పీస్తాది.”

“అయితే వద్దంటారా?”

ఆమె బయటికెళ్లి గంప నెత్తికెత్తుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“గట్టిగా సదవమనండి.”