వీసీ గారు మింగిన మాత్ర

ఎవరూ, మీ ఆఫీసు మెట్ల పక్కన ఫొటోలో ఉన్నావిడా? కోపంగా చూస్తున్నట్టు ఉంటుంది, ఆవిడేనా? కోపం కాదే అమ్మలూ, ఫొటో తీసేవాడు ఎంతకీ తెమల్చకపోతే అలా చూసింది. మాత్రల మేడమ్ అనేవాళ్లం. ఇప్పుడు నువ్వు ఉద్యోగంలో చేరిన ఆ మూడంతస్తుల బిల్డింగు, ఆ అద్దాలు, ఆ లిఫ్టు ఉన్నాయే, అదంతా అప్పట్లో ఒక్క గది. గది కూడా కాదులే, యూనివర్సిటీలో విరిగిన బెంచీలు పడేసే కొట్టు. సగం బెంచీలు బయటికి తోయించి, మిగిలిన వాటి మీద మైక్రోస్కోపు పెట్టుకుని కూర్చుంది మహాతల్లి. గుమ్మం మీద ‘ఆరోగ్య పోషకాహార పరిశోధన కేంద్రం’ అని బోర్డు. బోర్డు గుమ్మం కంటే వెడల్పు! పక్క డిపార్ట్‌మెంటు వాళ్లు ‘కేంద్రం సరేనండీ, చుట్టూ ఉండాల్సింది ఏదీ?’ అని నవ్వేవాళ్లు. చుట్టూ నేనే ఉండేవాణ్ణి మరి, వ్యాన్ డ్రైవర్ని. ఆ వ్యాన్ సంగతి చెప్పాలంటే ఇంకో పూట కావాలి. హారన్ మాత్రం బ్రహ్మాండంగా మోగేది, బ్రేకే బతిమాలితే గానీ పడేది కాదు.

ఎక్కడున్నాను? ఆఁ, మాత్రలు. బళ్లలో ఆడపిల్లలకి రక్తం తక్కువగా ఉందని ఇనుము మాత్రలు ఇచ్చేవాళ్లం. పొద్దున్నే ప్రార్థనలో వరసగా నిలబెట్టి తలా ఒకటి. కొన్ని నెలలు పోయాక వేలు పొడిచి చూస్తే, రక్తం ఎక్కడిదక్కడే! వీసీ గారు పిలిపించారు. ఆయన మాట్లాడితే ఖాళీ డ్రమ్ములోంచి వస్తున్నట్టుండేది గొంతు. ‘ఏంటమ్మా, ఇచ్చినా అంతే, ఇవ్వకపోయినా అంతే. ఈ ఏడాదితో తాళం వేసేద్దాం’ అన్నారు. మేడమ్ మొహం వేలాడేసుకుని బడికొచ్చి పూలకుండీల పక్కన గట్టు మీద కూలబడింది. కాసేపటికి ‘ఏమయ్యా, ఇలా రా!’ అని కేక. పోయి చూద్దును కదా, కుండీల్లో మట్టి నిండా మాత్రలు! మొక్కలు మాత్రం నిగనిగలాడిపోతున్నాయి. ‘రక్తం వీటికి పట్టిందన్నమాట’ అంది.

హెడ్మిస్ట్రెస్ బెత్తం పట్టుకుని లేచింది. ‘మొండి ఘటాలండీ, నాలుగు తగిలిస్తే వాళ్లే మింగుతారు!’ మేడమ్ ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఒక బక్కపిల్లని దగ్గరికి పిలిచి, ఎందుకే పారేశావ్ అనడిగింది. ‘మింగితే కడుపులో దేవేస్తుందండీ.’ పొద్దున్న ఏం తిన్నావ్? ‘ఏం లేదండీ, అమ్మ పనికెళ్లిపోతుంది.’ అంతే, లేచి వచ్చేసింది. మర్నాడు తనూ ఏమీ తినకుండా వ్యానెక్కి, నా కళ్ల ముందే ఒకటి మింగింది. కాస్త దూరం పోయామో లేదో, ‘ఆపవయ్యా, ఆపు!’ ఆ బండి అనగానే ఆగే రకమా? ఆగేదాకా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది పాపం. దిగి, రోడ్డు పక్కన కక్కి, మూతి తుడుచుకుంటూ, ‘తెలిసిందయ్యా, తెలిసింది!’ అని ఒకటే నవ్వు. వాంతి చేసుకుని అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్లీ చూళ్లేదు.

ఈ సంగతి చెబితే వీసీ గారేమో కొట్టిపారేశారు. ‘నీది మెతక కడుపమ్మా. రేపట్నుంచి నేనూ మింగుతా, ఏమవుతుందో చూద్దాం!’ శుభ్రంగా టిఫిన్ లాగించి మాత్ర వేసుకోవడం, ఆఫీసుకొచ్చి పొట్ట తట్టుకుంటూ ‘చూశారా, రాయి!’ అనడం. ఖాళీ కడుపుతో వేసుకోవాలండీ అని ఈవిడ మొత్తుకుంటే వింటేగా. అంతలో కాన్వొకేషన్ వచ్చింది. ఆ హడావుడిలో ఆయన టిఫిన్ మర్చిపోయారు గానీ, పంతం కదా, మాత్ర మర్చిపోలేదు. స్టేజీ మీద గౌనూ టోపీతో ‘నేటి యువత...’ అన్నారు. ఆగారు. ‘నేటి యువత...’ మళ్లీ అన్నారు. గౌను పైకెత్తి పట్టుకుని పక్క తలుపులోంచి మాయం! ప్రసంగం అయిపోయిందనుకుని వెనకెవరో చప్పట్లు కూడా కొట్టారు.

నవ్వుతున్నావు గానీ, మాకు అప్పుడు ఇక తాళం పడ్డట్టే అనిపించింది. మేడమ్ మంచినీళ్లు తీసుకుని పరిగెత్తింది, వెనకాల నేను. ఆయన వెనక మెట్ల మీద టోపీ ఒళ్లో పెట్టుకుని చంటిపిల్లాడిలా కూర్చున్నారు. తిడతారనుకున్నాం. ఆ డ్రమ్ము గొంతు ఏమైపోయిందో, ‘రోజూ పొద్దున్నే ఆ పిల్లలకి ఇదేనా అమ్మా మనం పెట్టింది?’ అన్నారు. ‘ఇక మీదట భోజనం చేశాక ఇద్దామండీ. ఒక్క ఏడాది తాళం ఆపండి’ అంది ఈవిడ. ‘ఆ తాళం నేనే పారేస్తాను గానీ, ముందు నీళ్లియ్యి’ అన్నారు.

పొద్దున్న తినని పిల్లలకి బళ్లోనే అన్నం పెట్టించి, ఆ తర్వాతే మాత్ర. ఈసారి వేలు పొడిస్తే రక్తం పెరిగింది! పక్క ఊళ్లవాళ్లు వచ్చి మా బళ్లకీ రమ్మన్నారు. గదికి గది తోడైంది, గదులు మేడయ్యాయి, మేడ మీద మేడ లేచింది. మీలాంటి చదువుకున్న పిల్లలు వచ్చారు. ఆవిడ మాత్రం కొత్తగా చేరిన ప్రతివాడితోనూ ముందు పరగడుపున ఒక మాత్ర మింగించేది. నీకు పెట్టలేదా? అదృష్టవంతురాలివి.

రిటైరయ్యాక గుండె జబ్బు చేసింది. ఓసారి కబురంపి, బడి దాకా తీసుకెళ్లవయ్యా అంది. కారు దిగి గేటు దాకా నడవడానికే రెండుసార్లు ఆగింది. లోపల ఆటల గంట. ఆడపిల్లలు దుమ్ము రేపుతూ పరిగెడుతున్నారు. కమ్మీలు పట్టుకుని చాలాసేపు చూసి, ‘ఒక్కదానికీ ఆయాసం రావట్లేదు, చూశావా?’ అంది. తనకే మాట అందట్లేదు. చూశానండీ అన్నాను. గంట కొట్టాక అందరూ లోపలికి పోయినా అక్కడే నిలబడింది. నేనూ పిలవలేదు. ఆ నెలాఖరుకే...

ఆ కిటికీ వెయ్యమ్మా. జల్లు లోపలికి కొడుతోంది.