టమోటా చెట్లను ఒక్కపొద్దు ఉంచిన చెంగమ్మ

చెంగమ్మ నోరు కట్టుకోవడంలో గట్టిదంట. సోమవారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు, అమావాస్య వచ్చిందంటే మంచినీళ్లు కూడా ముట్టదు అనుకోండి. మదనపల్లెకి పైపక్క గుట్టల కింద ఒక పల్లెలో దేశమ్మ అనే ముసలామె ఉండేది, ఆమెకి పెద్దకోడలు ఈ చెంగమ్మ. చిన్నకోడలు మునెమ్మ. మునెమ్మకి ఈ పట్టింపులేమీ లేవు. ఆకలేస్తే తింటుంది, నిద్రొస్తే పడుకుంటుంది, పండగొస్తే తలకు పోసుకుంటుంది, అంతే. ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు, వెనకాల ఒకే పెరడు, మధ్యలో మోకాలెత్తు కంపకంచె. చెంగమ్మ కంచెకి ఇటుపక్క నిలబడి, "మే మునెమ్మా, పొద్దు పొడిచిందో లేదో తినను కూర్చున్నావే, దేవుడనే భయం లేదా నీకు?" అనేదంట. ఆమె నమిలేది ఆపకుండానే, "నా వంతు ఒక్కపొద్దు కూడా నువ్వే ఉంటాండావు కదక్కా, నీ వంతు తిండి నేను తింటాండా" అనేదంట.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. టమోటా విత్తనాలు దాచే మట్టిబుడ్డి ఒకటి. దేశమ్మకి వాళ్ల అత్త ఇచ్చింది, ఆ అత్తకి ఆమె అత్త ఇచ్చింది. బుడ్డి ఎవరి చేతిలో ఉంటే ఆమె ఇంటికి పెద్ద. విత్తనం కావాలంటే పల్లెలో ఎంతటి ఆడదైనా వచ్చి ఆమె ముందర కొంగు పట్టాల్సిందే. వరసకి పెద్దకోడలిదే గానీ, ఊరికే చేతికి రాదు. సొంత పెరట్లో పండిన కాయలు తొమ్మిది, సన్నగీత కూడా లేనివి, జాతరనాడు గంగమ్మ ముందర పెట్టాల. పగిలిన కాయ పనికిరాదు. ఆ ఏడు దేశమ్మకి చెయ్యి వణకడం మొదలైంది. శివరాత్రి పోయినాక కోడళ్లిద్దరినీ పిలిచి ఏమన్నదంటే, ఇంక నా చేత కాదు, తలా ఆరు మొక్కల నారు ఇస్తాను, జాతరకి తొమ్మిది నిండు కాయలు తెచ్చినదానికి బుడ్డి ఇస్తాను, ఇద్దరూ తెస్తే పెద్దదానికే, అన్నదంట. చెంగమ్మ మనసులో బుడ్డి అప్పుడే వచ్చి ఒళ్లో కూర్చుంది. పద్నాలుగేళ్లు ఆ ఇంట్లో నియమంగా నడిచింది, నాకు కాక ఇంకెవరికి అనుకునింది.

చెంగమ్మ తన మొక్కలకి బాయి దగ్గర నుంచి బిందెతో మోసుకొచ్చి పోసేది. అంట్ల నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు దగ్గరికి రానిచ్చేది కాదు. మునెమ్మ ఏం చేసిందంటే, తన ఆరు మొక్కలూ గిన్నెలు తోమే బండ పక్కనే పెట్టింది. పొద్దున తోమిన నీళ్లు అటే, సాయంత్రం తోమిన నీళ్లు అటే. అది చూసి చెంగమ్మ, "ఎంగిలి నీళ్లు తాగిన కాయ తల్లికి పెడతావా, పాపిష్టిదానా" అంటే, "దూరం మోసే ఓపిక లేదక్కా" అనేదంట ఈమె. ఇద్దరి చెట్లూ కాసినాయి. నిజం చెప్పాలంటే చెంగమ్మ కాయలే పెద్దవి.

జాతర ఇంక వారం ఉందనంగా డప్పేసి చాటింపు వేసినారు. ఆ పొద్దు నుంచి చెంగమ్మ ఒక్కపొద్దు పట్టింది. పట్టి, పెరట్లోకి పోయి చెట్ల ముందర నిలబడింది. ఏమైందంటే, ఆమెకి ఒక ఆలోచన పుట్టింది. ఇవి మామూలు కాయలు కాదు, తల్లి దగ్గరికి పోయే కాయలు. నేను పస్తులుంటే ఇవి కడుపునిండా తాగుతాండాయే, ఇదేం నియమం? అని, "మీరు కూడా నాతో పాటు ఉండండి" అని చెట్లకి చెప్పి, బిందె బోర్లించింది. నవ్వొద్దు, వినండి. ఎండలా అవి, నిప్పులు. అయినా ఆమె మొక్కల మొదట్లో చెరువుమట్టి తోలించుంది కాబట్టి మూడు రోజులు నిలబడినాయి. నాలుగోనాడు ఆకు ముడుచుకునింది. ఐదోనాడు తలలు వాల్చినాయి. మునెమ్మ కంచె మీదుగా చూసి, "అక్కా, చెట్లు సొమ్మసిల్లినాయి, రెండు చెంబులన్నా పొయ్యి" అంటే, "నీకేం తెలుసే నియమమంటే" అని లోపలికి పోయిందంట.

ఏడోనాడు పొద్దు వాలేటప్పుడు పోయి చూస్తే, కాయలు ఎర్రగా, గట్టిగా ఉన్నాయి గానీ, చెట్లు ఎండుగడ్డి మాదిరి వేలాడుతున్నాయి. అప్పుడు భయం పుట్టింది. తెల్లారితే జాతర. చెట్టే చస్తే కాయ నిలుస్తుందా అని బిందె ఎత్తుకుని పరిగెత్తింది. ఒకటి, రెండు, పది, పన్నెండు బిందెలు పోసింది. పాదులు నిండి, నీళ్లు కంచె దాకా పారినాయి. చెట్లు ఆ నీళ్లు ఎట్ల తాగినాయి అనుకుంటారు? వారం పస్తున్నోడు పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు తాగినాయి. ఏడు రోజులు నీళ్లు లేక కాయ తోలు డప్పు తోలు మాదిరి బిగుసుకుపోయింది. లోపల గుజ్జు ఒక్కసారిగా ఉబ్బింది. లోపలిది ఉబ్బుతుంది, పైది సాగదు. ఇంకేమవుతుంది?

కోడి కూసినాక చెంగమ్మ తలకు పోసుకుని, తడిబట్టతో, కొత్త గంప పట్టుకుని పెరట్లోకి వచ్చింది. మొదటి కాయ తొడిమ దగ్గర నుంచి కింది దాకా పగిలి ఉంది. రెండోది చుట్టూ ఉంగరం మాదిరి పగిలింది. ఆరు చెట్లూ వెతికింది, ఆకు కింద ఆకు తీసి చూసింది. ఒక్కటంటే ఒక్కటి నిండు కాయ లేదు. కంచెకి అటుపక్క, తోమే బండ దగ్గర, మునెమ్మ కాయలు చిన్నచిన్నవి, నున్నగా మెరుస్తున్నాయి. ఇల్లంతా ఇంకా లేవలేదు. చెంగమ్మ ఒక కాలు కంచె దాటించింది. చెయ్యి చాపింది. ఒక కాయ కోసింది. కోసినాక అది అరచేతిలో చల్లగా తగిలిందంట. ఏడు రోజులు నోరు కట్టుకున్న మనిషి, ఎనిమిదోనాటి పొద్దున తోడికోడలి కాయ కోసింది. తన కాయలకీ తనకీ తేడా ఏమీ కనపడలేదు ఆమెకి. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు, కంపముళ్లు చీరకి పట్టుకుని ఉంటే, చాలాసేపు అట్లనే నిలబడిపోయింది.

తర్వాత పోయి మునెమ్మ తలుపు తట్టింది. ఆమె కళ్లు నులుముకుంటా వచ్చి, ఏందక్కా అన్నది. "ఇది నీ చెట్టుది. నేను కోసినాను." "ఎందుక్కోసినావు?" "ఎత్తుకుపోదామని." మునెమ్మ ఆ కాయని చూసి, ఈమె మొహం చూసి, "ఒక్కటే కోసినావేమక్కా? తల్లికి తొమ్మిది కదా కావాల్సింది!" అన్నదంట. చెంగమ్మ ఆ కాయని ఆమె చేతిలో పెట్టేసి, పోయి తన పగిలిన కాయలే గంపలోకి కోసుకునింది.

గంగమ్మ ముందర దేశమ్మ కూర్చుని, చూపు సరిగా ఆనదు కాబట్టి, ఒక్కొక్క కాయా బొటనవేలితో తడిమింది. మునెమ్మవి తొమ్మిదీ పక్కన పెట్టింది. చెంగమ్మ గంపలో చెయ్యి పెడితే వేలు పగుల్లోకి దిగింది. "మే పెద్దదానా, ఏం చేసినావు వీటిని?" అంటే, ఏడు రోజులు నాతో పాటు ఒక్కపొద్దు ఉంచినాను అత్తా, అని దాచకుండా చెప్పింది. చుట్టూ ఉన్న ఆడోళ్లు గొల్లున నవ్వినారు. "ఒక్కపొద్దు విడిచినాక చెట్టుకి వక్కాకు కూడా పెట్టినావా వదినా?" అన్నది ఒకామె. దేశమ్మ మాత్రం నవ్వలేదు. "మొక్కుకున్నది నువ్వు. చెట్టు మొక్కుకోలేదు. నీ కడుపు నువ్వు మాడ్చుకో, అది నీ ఇష్టం. నోరు లేనిదాన్ని మాడ్చి, మళ్లీ ఒక్కపూటలో గొంతు దాకా పోస్తే అది భక్తి అంటారా?" అన్నది. చెంగమ్మ ఒకే మాట అడిగింది. మునెమ్మవి ఎంగిలి నీళ్లు తాగిన కాయలు కదా అత్తా, అని. "కోడి నెత్తురు తాగే తల్లికి గిన్నెలు కడిగిన నీళ్లు పట్టింపా? పో" అని, బుడ్డి తీసి చిన్నదాని చేతిలో పెట్టేసింది.

మళ్లీ శివరాత్రి వచ్చింది. పల్లెలో ఆడోళ్లందరూ పోయి కొంగు పట్టినారు, ఆఖర్న చెంగమ్మ పోయింది. తోడికోడలు ముందర, అదీ చిన్నదాని ముందర, కొంగు పట్టడం ఎంత కష్టమో పట్టినోళ్లకే తెలుస్తుంది. పట్టింది. మునెమ్మ విత్తనాలు పోయబోతా ఆగి, "వీటిని ఒక్కపొద్దు ఉంచవు కదక్కా?" అన్నది. "ఉంచను. నేనుంటాను. అవి తాగతాయి," అన్నదంట చెంగమ్మ. అప్పటి నుంచి చెట్టుకి రెండు చెంబులు, రోజూ సాయంత్రం. పండగైనా అంతే, జ్వరమైనా అంతే.

టమోటా పగిలితే గంగమ్మ శాపం అంటారు కొందరు, దిష్టి అంటారు కొందరు, పాతచెప్పు తెచ్చి కట్టినోళ్లనీ చూసినాను. తల్లికి వేరే పనేమీ లేదా మీ పెరట్లో కాయలు చీల్చడం తప్ప? పదినాళ్లు ఎండగట్టి ఆపైన కుమ్మరించేది మనం. వాన కూడా అట్ల కురుస్తుంది, ఒప్పుకుంటాను, దాన్ని మనం ఆపలేము. మన చేతిలో ఉండే చెంబు మాటే నేను చెప్పేది. ఒకనాడు పస్తు, ఒకనాడు విందు, నాలుగు రోజులు కోపం, ఐదోనాడు ముద్దులు, బిడ్డల్ని కూడా అట్లనే పెంచేవాళ్లు ఈ అరుగు మీదే కూర్చున్నారు, పేర్లు అడగొద్దు. ఇంక లేస్తాను, పొద్దు వాలింది. ఇంత చెప్పి నా చెట్లకి నీళ్లు పొయ్యకపోతే మీరేమనుకున్నా పరవాలేదు గానీ, రేపు పొద్దున కాయలే చెప్తాయి నా సంగతి.